రెండో భాగంలో లేని మెట్లు

అదిగో, మళ్ళీ అదే మాట! నాకు పిచ్చి పట్టలేదు వదినా. పడితే పట్టిందనే చెప్తానుగా, నీ దగ్గర నాకు దాపరికం ఏముంది?

ఆఁ, పిచ్చి పట్టినవాళ్ళు కూడా అలాగే అంటారంటావు. సరే, నీతో వాదించి ఎవరు గెలిచారు!

కాస్త మెల్లిగా మాట్లాడు. ఈ ఆసుపత్రి హాల్లో అందరూ నాలాగే కంట్లో చుక్కలు వేయించుకుని కళ్ళు మూసుకు కూర్చున్నారు. కళ్ళు మూసుకున్నవాళ్ళకి చెవులు ఎంత బాగా పనిచేస్తాయో నాకు తెలీదా? ఆ మూల పెద్దాయన దగ్గు ఆపేసి మరీ వింటున్నాడు చూడు.

నర్సు పిలిచేదాకా నేను కళ్ళు తెరవకూడదట. మంచిదే. ఇలా అయితేనే చెప్పగలను.

మీ తమ్ముడు ఫోన్ చేసి నీకేం చెప్పారో నాకు తెలుసు. ఖాళీ గదిలో ఎవరితోనో మాట్లాడుతోంది, ఆ ఆట తలకెక్కింది, నువ్వొచ్చి ఒకసారి చూడు అని. అంతేనా? అందుకేగా స్కూలుకి సెలవు పెట్టి మరీ నాకు తోడొచ్చావు. లేకపోతే లెక్కల టీచరువి, పరీక్షల ముందు నువ్వు సెలవు పెట్టడమా! కోప్పడటం లేదు వదినా. వచ్చావు, సంతోషం. ఇంక మధ్యలో అడ్డు రాకుండా విను.

ఆ మిషను తెచ్చింది ఎవరు? మీ తమ్ముడే! అంబులెన్సు డ్యూటీలో కొత్తగా చేరారు అప్పుడు. ఎప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో తెలిసేది కాదు. నాకేమో బేకరీలో తెల్లారకముందే పని మొదలు. మధ్యాహ్నానికల్లా కేకుల మీద పువ్వులూ పేర్లూ పెట్టడం అయిపోయేది. ఇంటికొస్తే నాలుగు గోడలు. ఎవరో ఆఫీసు ఎత్తేస్తూ పాత కంప్యూటర్లు అమ్మేస్తుంటే ఒకటి మోసుకొచ్చారు. "నీకు కాస్త పొద్దుపోతుంది" అన్నారు. పొద్దుపోయింది. పన్నెండేళ్ళ పొద్దు!

ఆట పేరు ఏడు రేవులు. నువ్వు "ఆ బొమ్మలాట" అంటావే, అదే. అందులో ఎవరికి వాళ్ళం ఒక వేషం కట్టుకుంటాం. ఒకడు కత్తి పట్టుకుంటాడు, ఇంకొకడు మందులు నూరుతాడు, ఇంకొకడు దొంగ. ఎక్కడెక్కడి మనుషులమో, అందరం ఒకే సముద్రం మీద తిరుగుతుంటాం. నేను పడవ నడిపేదాన్ని. కొత్తగా వచ్చినవాళ్ళకి దారులు తెలీవు కదా, వాళ్ళని ఎక్కించుకుని ఒక రేవు నుంచి ఇంకో రేవుకి దింపేదాన్ని. అందరూ నన్ను పడవక్క అనేవారు.

నవ్వకు. బేకరీలో నన్ను "ఏమ్మా కేకులూ" అని పిలుస్తారు. దానికంటే నయం కాదూ?

అక్కడే తాత పరిచయమయ్యాడు. తెల్లగడ్డం, చేతికర్ర, వంగిన నడుము. నిజంగా పెద్దాయనే అనుకుని రెండేళ్ళపాటు మీరు మీరు అంటూ రాశాను. మోకాళ్ళ నొప్పులకి ఏం వాడతారండీ అని కూడా అడిగాను! ఒకరోజు ఫోన్లో మాట్లాడితే, కుర్ర గొంతు. ఏదో ఊళ్ళో మందుల షాపులో పనిచేస్తాడట, నిండా ముప్పై లేవు. "నేను మిమ్మల్ని అక్కా అంటుంటే మీకు అనుమానం రాలేదా?" అని ఒకటే నవ్వు. అప్పటినుంచీ నాకు తమ్ముడైపోయాడు, పిలవడం మాత్రం తాతా అనే.

ఏడో రేవు దాటాక పొగమంచు ఉండేది. పడవని అందులోకి పోనిస్తే కాసేపు ఏమీ కనపడదు, నీళ్ళ చప్పుడు ఒక్కటే వినపడుతుంది. తర్వాత పడవ దానంతట అదే వెనక్కి తిరిగిపోయేది. ఎంత తెడ్డు వేసినా అంతే. అవతల ఏముంది అని ఆట తయారుచేసినవాళ్ళని అడిగితే, "అది రెండో భాగంలో" అన్నారు. వచ్చే ఏడాది అన్నారు. మళ్ళీ వచ్చే ఏడాది అన్నారు. వాళ్ళ వచ్చే ఏడాది ఏ ఏడాదీ రాలేదు.

మధ్యాహ్నం పనులయ్యాక నేనూ తాతా పడవ తీసుకెళ్ళి ఆ మంచు ఎదురుగా ఆపుకునేవాళ్ళం. అవతల ఏముంటుందా అని కొట్టుకునేవాళ్ళం. తాతకి పెద్ద యుద్ధం ఉండాలి. నాకేమో ఒక ఊరుండాలి. ఏమీ జరగని ఊరు. నీళ్ళలోకి దిగే మెట్లు, ఆ మెట్ల మీద జనం. వాళ్ళ పనుల మీద వాళ్ళు పోతూ ఉండాలి. మనం వెళ్తే ఎవరూ తల తిప్పి చూడకూడదు. "అలాంటిది ఎవరు ఆడతారక్కా!" అని వాడు విసుక్కునేవాడు.

ఆశ ఒక్కటేనా? బెంగలు కూడా. రెండోది వస్తే మొదటిది మూసేస్తారా? నా పడవ నాతో వస్తుందా, లేక మళ్ళీ ఒట్టిచేతులతో మొదలుపెట్టాలా? అసలు పడవలే తీసేసి ఎగిరే గుర్రాలు పెడితే? పడవక్క అనే పేరు ఇంకెవరైనా ముందే పెట్టేసుకుంటే? ఇల్లు మారేముందు అటక మీద సామాను చూసుకుంటూ, ఇందులో ఏది విరిగిపోతుందో అనుకుంటాం చూడు, అలా ఉండేది నాకు.

అలా ఉండగా ఈ కళ్ళు.

ఒక పాప పుట్టినరోజు కేకు మీద పేరు రాసిచ్చాను. వాళ్ళమ్మ డబ్బా తెరిచి, "ఇదేంటండీ, మధ్యలో అక్షరం మింగేశారు?" అంది. చూశాను. నాకు పేరు మొత్తం ఉన్నట్టే ఉంది. కళ్ళు కొంచెం పక్కకి తిప్పి చూస్తే, నిజమే, మధ్యలో ఒట్టి క్రీము. అక్షరం కనపడకపోతే కనపడలేదని తెలియాలి కదా? లేని అక్షరం ఉన్నట్టు ఎలా కనపడింది నాకు?

తర్వాత నీకు తెలిసిందే. ఇదే ఆసుపత్రి, పెద్ద డాక్టరు గారు. "చూపు మధ్యలో పోయింది పోయినట్టేనమ్మా, చుట్టూ ఉన్నది నిలబెట్టుకోవడానికి సూదులు వేద్దాం" అన్నారు. నేను "ఎన్నాళ్ళు నిలుస్తుందండీ?" అని అడిగాను. ఆయన పాపం నా పని గురించి అనుకుని, "కేకుల మీద రాయడం మానెయ్యండి, పిండి కలపడంలాంటివి చేసుకోవచ్చు" అన్నారు.

నేను అడిగింది అది కాదు. రెండో భాగం వచ్చేదాకా ఉంటుందా అని! సిగ్గేసి ఆ మాట పైకి అనలేకపోయాను. పక్కన మీ తమ్ముడు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేనేమో పొగమంచు గురించి ఆలోచిస్తున్నాను. ఏం మనిషినో!

సరిగ్గా ఆ నెలలోనే వాళ్ళు ప్రకటించారు. వస్తోందట, ఈసారి తప్పదట. చిన్న సినిమా ముక్క కూడా వదిలారు. పడవ మంచులోకి పోతుంది, మంచు పలచబడుతుంది, అవతల ఏదో నీడ లేస్తుంది. అంతే, ఆపేశారు. తాత ఫోన్ చేసి, "అక్కా, చూశావా?" అని ఒకటే అరుపు. చూశానురా అన్నాను. ఓరకంటితో చూశాను. నేరుగా చూస్తే మాయం, పక్కకి చూస్తే కనపడుతుంది. ఈ వయసులో దొంగచూపులు నేర్చుకోవాల్సి వచ్చింది! కింద రాసిన చిన్న అక్షరాలు మాత్రం ఎటు తిరిగి చూసినా దొరకలేదు. వాడితోనే చదివించుకున్నాను.

ఆ తర్వాతే మొదలైంది, వదినా.

బేకరీ వెనక గదిలో మైదా బస్తాలు ఉంటాయి. ఒకరోజు పిండి తీసుకోవడానికి వెళ్తే బస్తా మీద ఒక మనిషి నిలబడి ఉన్నాడు. ఇంతే, మోకాలెత్తు. పొడుగు టోపీ, నీలం కోటు. గోడవైపు తిరిగి ఉన్నాడు. కోటు అంచుకి తెల్లదారం కుట్టు. ఒక్కో పోగూ కనపడింది నాకు. ఆలోచించు, తూకం ముల్లు కనపడని దానికి కుట్టు పోగులు కనపడటం ఏమిటి?

గట్టిగా కళ్ళు మూసి తెరిచాను. లేడు. పిండి గిన్నె అక్కడే వదిలేసి వచ్చి, తల తిరిగిందని చెప్పి ఇంటికొచ్చేశాను.

చెయ్యి లాక్కోకు. ఇప్పుడెవరూ లేరు. కళ్ళు మూసుకుంటే ఉండరు.

తర్వాత మన వంటింట్లో. సాయంత్రం వెలుతురు తగ్గే వేళకి వచ్చేవారు. ముందు అలమర అరమీద ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత లెక్కలేదు. ఆడవాళ్ళు కూడా, తలకి ఏవేవో చుట్టుకుని, బుట్టలు పట్టుకుని. అంతమంది నడుస్తుంటే అడుగుల చప్పుడు ఉండాలా, వద్దా? ఫ్రిజ్ మోత తప్ప ఇంకేమీ లేదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, నావైపు చూడరు. పొయ్యి మీద గిన్నె పెట్టి, వాళ్ళవైపు వీపు తిప్పాలంటే భయం.

ఒక సాయంత్రం ఫ్రిజ్ వెనక గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట మెట్లు. తడి మెట్లు, అంచులకి పాచి పట్టి, కిందకి నీళ్ళలోకి దిగిపోతున్నాయి. ఆ నీళ్ళ మీద సన్నగా వెలుతురు. వీళ్ళందరూ ఆ మెట్లెక్కే వస్తున్నారు.

అప్పుడు నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. ఇది అదే! మంచు అవతలి ఊరు. నా కళ్ళు అందాకా ఆగవని నాకు ముందే చూపించేస్తున్నారు. ఎవరు చూపిస్తున్నారని అడగకు. అది ఆలోచించేంత తెలివి ఉంటే ఇంకేం! కానీ ఆ మాట అనుకోగానే ఎంత ధైర్యం వచ్చిందో తెలుసా? దెయ్యాలు కాదు కదా. నేను ఇన్నేళ్ళూ ఎదురుచూసిన ఊరివాళ్ళే కదా. ఇంక వాళ్ళ మధ్యలోనే కూరలు తరుక్కునేదాన్ని, అంట్లు తోముకునేదాన్ని.

ఒకరోజు ఊడుస్తున్నాను. అలవాటైపోయి, "కాస్త జరగండి బాబూ, కాళ్ళ కింద పడతారు" అన్నాను. వెనక్కి తిరిగితే మీ తమ్ముడు గుమ్మంలో, డ్యూటీ బట్టల్లోనే.

"ఎవరితో మాట్లాడుతున్నావు?"

"ఎవరూ లేరండీ. చీపురుతో."

"చీపుర్ని బాబూ అంటావా?"

చీపురు మూలకి ఆనించాను. ఆయన గోడకి ఆనుకుని అలాగే నేల మీద కూలబడిపోయారు. రోజూ ఎంతమందిని స్ట్రెచరు మీద మోస్తారు ఆయన! ఎలాంటి ప్రమాదం చూసొచ్చినా చేతులు కడుక్కుని టీ తాగగల మనిషి. "కళ్ళు పోతే నేను నడిపిస్తానే, మనసు పోతే నేనేం చెయ్యను?" అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు వదినా.

మర్నాడే మిషను తీసుకెళ్ళిపోయారు. ఎక్కడికని చెప్పలేదు. మీ ఇంట్లోనే ఉంది కదూ? నాకెలా తెలుసంటావేంటి, నువ్వే ఫోన్లో నోరు జారావు, "ఆ డబ్బా కాలికి తగిలి చచ్చాను" అని. సరేలే. ఆయన పెట్టమన్నారు, నువ్వు పెట్టావు.

మిషను పోయింది, వాళ్ళు పోలేదు. ఇంకా ఎక్కువయ్యారు.

పోయిన వారం రెండో భాగం వచ్చింది.

తాత షాపుకి సెలవు పెట్టాడు. "నువ్వు చూడలేకపోతే ఏం అక్కా, నేను చూసి చెప్తా, నువ్వు విను" అన్నాడు. ఫోన్ చెవికి ఆనించుకుని వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాను, ఫ్రిజ్‌కి ఎదురుగా. అప్పటికే వాళ్ళు మెట్లెక్కి వస్తున్నారు.

"అక్కా, మంచులోకి పోనిస్తున్నా. పడవ వెనక్కి తిరగట్లేదక్కా! అబ్బో, పోతోంది!"

స్టూలు ముందుకి లాక్కున్నాను. "ఏం కనపడుతోందిరా?"

"కోట. ఎంత పెద్ద కోటో! బంగారు గేటు, కాపలావాళ్ళు, లోపల అంతా అంగళ్ళు..."

"మెట్లున్నాయా?"

"ఏ మెట్లు?"

"నీళ్ళలోకి దిగేవి."

"లేవే. తేలే వంతెన ఉంది."

"పొడుగు టోపీల మనుషులు? నీలం కోట్లు?"

"ఇక్కడందరూ ఇనుప తొడుగులే అక్కా." ఆట ఆపేసి, "అక్కా, నువ్వు బాగానే ఉన్నావా?" అన్నాడు.

మంచి పిల్లాడు. నేను అడిగానని కోట వదిలేసి, యుద్ధం వదిలేసి, ఆ ఒడ్డు పొడుగునా వెతికాడు. "ఉండక్కా, ఈ మలుపు కూడా చూస్తా" అంటూ గంటసేపు. ఎక్కడా మెట్లు లేవు. పడవలు ఉన్నాయట, కానీ వాటంతట అవే పోతాయట. నడిపేవాళ్ళతో పని లేదట. ఆ మాట మాత్రం వాడు చాలాసేపు చెప్పలేకపోయాడు.

ఫోన్ పెట్టేశాను. ఎదురుగా వాళ్ళు ఇంకా ఎక్కుతూనే ఉన్నారు.

ఇప్పుడు చెప్పు. ఆ ఊరు ఆటలోది కాదు. మరి ఎవరిది? నావాళ్ళనుకుని పక్కన కూర్చోబెట్టుకున్నవాళ్ళు ఒక్క ఫోన్‌తో ఎవరో తెలీనివాళ్ళైపోయారు. ఆ సాయంత్రం ఇంట్లో ఉన్న లైట్లన్నీ వేసుకుని, మంచం మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చున్నాను, మీ తమ్ముడు వచ్చేదాకా. వచ్చాక కూడా చెప్పలేదు. ఏమని చెప్పను? మన ఫ్రిజ్ వెనక ఎవరిదో ఊరుందండీ అనా?

ఏడవకు వదినా. నర్సు చూస్తే నీకు కూడా చుక్కలు వేస్తుంది. అసలు మంచి కబురు ఇంకా చెప్పనే లేదు.

ఇందాక లోపల చుక్కలు వేసింది చూడు, ఆ చిన్న డాక్టరమ్మ, తనే చెప్పింది. నాలా చూపు పోయినవాళ్ళలో చాలామందికి మనుషులు, ఊళ్ళు, పువ్వుల తీగలు కనపడతాయట. కంటినుంచి బొమ్మ అందకపోతే మెదడు ఊరుకోదట, తనే గీసేసుకుంటుందట. పిచ్చి కాదు, గాలీ ధూళీ కాదు. దానికేదో పేరుంది, నాకు నోరు తిరగలేదు. పిచ్చి అంటారేమోనని భయపడి చాలామంది పైకి చెప్పరట. కొన్నాళ్ళకి వాటంతట అవే తగ్గిపోతాయట.

మీ తమ్ముడికి ఇదే చెప్పు. అచ్చం ఇలాగే చెప్పు. నేను చెప్తే నమ్మరు, అక్క చెప్తే నమ్ముతారు. ఇవాళైనా కంటినిండా నిద్రపోతారు పాపం.

విన్నాక నాకు నవ్వొచ్చింది కూడా. అంటే ఆ ఊరు నాదే! అంతమంది పనివాళ్ళు కూర్చుని ఇన్నేళ్ళు చేసిందేమో బంగారు గేటూ అంగళ్ళూనూ. నా మెదడు ఒక్కత్తే కూర్చుని మెట్లకి పాచి కూడా పట్టించింది!

ఏంటి? "హమ్మయ్య, డాక్టరుకి అంతా చెప్పేశావుగా" అంటున్నావా?

చెప్పలేదు.

"మీకేమైనా అలా కనపడుతున్నాయా అమ్మా?" అని అడిగింది. లేదన్నాను. చుక్కల మంట వల్ల కళ్ళు తుడుచుకుంటున్నానని అనుకుంది.

అరవకు. విను.

మీ తమ్ముడి మొహం చూసి ఎన్నాళ్ళయిందో నాకు. చెవులు కనపడతాయి, చొక్కా కాలరు కనపడుతుంది. మధ్యలో బూడిద పులిమినట్టు ఉంటుంది. పోనీ కళ్ళు మూసుకుని గుర్తుచేసుకుందామంటే మీసం వస్తుంది, కళ్ళజోడు వస్తుంది, మొహం రావడం లేదు వదినా. జారిపోతోంది. ఈ మాట ఆయనతో ఎలా అనను?

ఆ మెట్లెక్కే వాళ్ళకి మొహాలున్నాయి. కనురెప్పలతో సహా, పుట్టుమచ్చలతో సహా. ఒక్కరూ నాకు తెలిసినవాళ్ళు కాదు. కానీ గీసేది నా మెదడే అయితే, దానికి ఆయన మొహం తెలుసు కదా? ఇరవై ఏళ్ళు చూసిన మొహం. ఎప్పుడో ఒకప్పుడు గీయదా? ఆయన ముందుగదిలో అన్నం తింటూ ఉంటారు. నేను నీళ్ళు తెస్తానని లేచి వంటింట్లోకొచ్చి, గోడలోంచి వచ్చేవాళ్ళలో ఆయన్ని వెతుక్కుంటూ ఉంటాను. ఒక్కో టోపీ కిందా చూస్తాను. ఇంతవరకూ రాలేదు.

వీటిని తగ్గించే మందేదో ఉంటే ఆ డాక్టరమ్మ ఇస్తానంటుంది. అందుకే లేదన్నాను.

ఇదిగో, పిలుస్తున్నారు. నా పేరేగా? పద. సూది మానను, భయపడకు. చుట్టూ ఉన్న చూపైనా నిలవాలి కదా. దాంతో వాళ్ళు పోతే పోతారు, ఏం చేస్తాం. లోపల నువ్వు మాత్రం నోరు విప్పకు. ఆయన ఒక్కసారి ఆ మెట్లెక్కి రానీ, నేనే వచ్చి డాక్టరమ్మకి అన్నీ చెప్పేస్తాను.

అంతవరకూ నువ్వేమీ వినలేదు, నేనేమీ చూడలేదు.